విడిది వాళ్ళది, పూచీ మనది

మన పెళ్ళిళ్ళలో విడిది అని ఒకటుంటుంది. మగపెళ్ళివారు వస్తున్నారంటే వాళ్ళకి ఇల్లు మాట్లాడడం, పరుపులూ దుప్పట్లూ సర్దించడం, తెల్లారేసరికి కాఫీలూ వేణ్ణీళ్ళూ అందేట్టు చూడడం ఆడపెళ్ళివారి పని. కాఫీ చల్లారిందనీ, మంచాలు చాలలేదనీ విడిదింట్లో పుట్టిన తగాదాలకి లెక్కలేదు. ఎంత తగాదా అయినా ఒక్క విషయంలో మాత్రం ఎవరికీ పేచీ ఉండేది కాదు: విడిది ఏర్పాటు చేసినవాడే ఖర్చూ పెట్టుకుంటాడు. మగపెళ్ళివారి తాలూకు పెద్దాయన ఎవరైనా "ఇదే ఊళ్ళో మా తోడల్లుడున్నాడు, నేనక్కడ దిగుతాను" అంటే, "మా విడిదిలో దిగలేదు కాబట్టి ఇంత కట్టండి" అని అడిగిన పిల్ల తండ్రిని నేనింతవరకూ చూడలేదు, వినలేదు.

అమెరికాలో ఉద్యోగం పని మీద కాన్ఫరెన్సులకి వెళ్ళేవాళ్ళకి ఆ వింత కూడా చూసే భాగ్యం కలుగుతుంది. ఏ హోటల్లో దిగాలో కాన్ఫరెన్సు వాళ్ళు చెబుతారు. ఎంత అద్దె వరకూ ఇస్తుందో కంపెనీ చెబుతుంది. డబ్బు ఎప్పుడు కట్టాలో, ఎప్పటిదాకా రద్దు చేసుకోవచ్చో హోటలు చెబుతుంది. ముగ్గురూ కూర్చుని మూడు కాగితాలు రాసుకున్నారు. మూడింటి తయారీలోనూ మనల్ని అడిగినవాడు లేడు. చివర్లో గీసేది మాత్రం మన క్రెడిట్ కార్డు. ఎమ్మెస్ చదవడానికి ఈ దేశం వచ్చి ఇరవయ్యేళ్ళు దాటింది. కన్సల్టెంటుగా ఏడాదికి రెండు మూడు కాన్ఫరెన్సులకి వెళుతూనే ఉన్నాను. అన్నేళ్ళుగా చూశాక చెబుతున్నాను: ఇది లెక్కేసుకుని చేస్తున్న అన్యాయం. మనం నోరు మెదపకపోవడం వల్ల ఇది మర్యాదగా చెలామణీ అయిపోతోంది.

స్వదేశంలో ఉండి ఇది చదువుతున్నవారికి ముందు ఈ తతంగం ఎలా నడుస్తుందో చెప్పాలి. వెయ్యిమంది వచ్చే కాన్ఫరెన్సు పెట్టాలంటే పెద్ద హాళ్ళు కావాలి, పడుకోడానికి గదులు కావాలి. నిర్వాహకులు ఏడాది, రెండేళ్ళ ముందే ఒక పెద్ద హోటలుతో ఒప్పందం రాసుకుంటారు. ఉదాహరణకి 500 గదులు, నాలుగు రాత్రులు అనుకుందాం. మొత్తం 2,000 గది-రాత్రులు. దీన్నే 'హోటల్ బ్లాక్' అంటారు. రేటు రాత్రికి 220 డాలర్లు. "ఇందులో కనీసం 80 శాతం, అంటే 1,600, మేం నింపుతాం" అని నిర్వాహకులు హామీ ఇస్తారు. తీరా 1,400 మాత్రమే నిండాయనుకోండి, తగ్గిన 200కి గాను 44,000 డాలర్ల దాకా హోటలుకి చెల్లించుకోవాలి. ఒప్పందాల భాషలో దీని పేరు 'అట్రిషన్'.

మరి ఇంత పెద్ద హామీ ఎందుకిస్తారు? ఊరికే ఇవ్వరు. గదులు నిండితే హాళ్ళ అద్దె తగ్గుతుంది, ఒక్కోసారి పూర్తిగా మాఫీ అవుతుంది. నిండిన ప్రతి నలభై గదులకో యాభై గదులకో ఒక గది ఉచితంగా ఇవ్వడం మామూలు. నిర్వాహకుల తరఫున హోటలు వెతికిపెట్టిన మధ్యవర్తికి గది అద్దెలో కమిషన్ ముడుతుంది. ఈ కమిషన్ చిల్లర వ్యవహారమనుకోకండి. 2018లో మారియట్ సంస్థ ఉత్తర అమెరికాలో దీన్ని 10 శాతం నుంచి 7 శాతానికి తగ్గిస్తే మధ్యవర్తులు గగ్గోలు పెట్టారు. అదే ఏడాది హిల్టన్ కూడా అదే దారి పట్టింది. అది పదైనా, ఏడైనా ఎక్కణ్ణించి వస్తుంది? గదిలో పడుకున్నవాడు కట్టిన అద్దెలోంచే. హాలు నిర్వాహకులకి, ఉచిత గది వాళ్ళ పెద్దలకి, కమిషన్ మధ్యవర్తికి. అత్తసొమ్ము అల్లుడు దానం చెయ్యడమంటే ఇదే.

హామీ ఇచ్చి లాభం పొందేవాడు నష్టం వస్తే తనే భరించడం వ్యాపారధర్మం. ఇక్కడ ఆ నష్టం తమ మీదకి రాకుండా నిర్వాహకులు వచ్చేవాళ్ళ చుట్టూ కంచె కడతారు. బ్లాకులో దిగితే రిజిస్ట్రేషన్ ఫీజు ఒకటి, బయట దిగితే ఇంకొకటి. గడువు దాటాక రద్దు చేసుకుంటే మొదటి రాత్రి అద్దె తిరిగి రాదు. ఒకరి పేర తీసుకున్న గది ఇంకొకరి పేరుకి మారదు. అన్నిచోట్లా అన్ని నియమాలూ ఉండవు గానీ, వీటిలో ఒకటి రెండు లేని కాన్ఫరెన్సు నాకు అరుదుగా తగిలింది. ఈ కంచెకి కంపెనీల ట్రావెల్ డిపార్టుమెంట్లు తమ వంతు ముళ్ళు చుడతాయి: కంపెనీ బుకింగ్ సైటులోంచే గది తీసుకోవాలి, మనిషికొక గది, పరిమితి దాటితే పై అధికారి అనుమతి, అనుమతి రాకపోతే ఖర్చు నీదే.

ఈ రెండు కంచెల మధ్య సందు ఎలా ఉంటుందో చూడండి. కాన్ఫరెన్సు వాళ్ళ లింకులో గది తీసుకుంటే, కంపెనీ సైటులో తీసుకోలేదని ఖర్చుల పద్దు ఎర్రమచ్చతో వెనక్కొస్తుంది. కంపెనీ సైటులో తీసుకుంటే, అదే హోటలైనా సరే, బ్లాకు లెక్కలోకి రాదని రిజిస్ట్రేషన్ ఫీజు పెరుగుతుంది. ఒక నియమం పాటిస్తే రెండోది తప్పుతుంది. ప్రోగ్రాములు రాసుకుని బతికేవాణ్ణి కనుక చెబుతున్నాను, రెండు షరతులు ఒకదాన్నొకటి కొట్టేస్తుంటే ఆ ప్రోగ్రామును మేం పరీక్ష దశలోనే ఆపేస్తాం. మనుషుల మీదకి మాత్రం నిక్షేపంగా వదిలేస్తున్నారు.

పేరు మార్పు సంగతి చెబుతాను. 2023లో లాస్ వేగాస్‌లో ఒక కాన్ఫరెన్సుకి నేను వెళ్ళాల్సి ఉంది. క్లయింటు తన ప్రాజెక్టు తేదీని ముందుకి జరపడంతో, పదిరోజుల ముందు నా బదులు మా టీములో ఇంకొకతన్ని పంపాలని నిర్ణయించారు. కాన్ఫరెన్సు వాళ్ళు రిజిస్ట్రేషన్‌లో పేరు మార్చారు, దానికో రుసుము తీసుకుని. గది మాత్రం మార్చరట. నా గది రద్దయింది, మొదటి రాత్రి అద్దె 219 డాలర్లూ దాని మీద పన్నూ పోయాయి. అతను అదే హోటల్లో, అవే రాత్రులకి, 340 డాలర్ల చొప్పున కొత్తగా గది తీసుకోవలసి వచ్చింది. హోటలుకి ఒక్క గది కూడా ఖాళీ పోలేదు. ఒక్క రాత్రికి రెండు అద్దెలు వచ్చాయి. డేటాబేసులో ఒక వరుసలో ఒక గడిలో పేరు మార్చడానికి పది సెకన్లు చాలు. "సిస్టమ్ ఒప్పుకోదండీ" అన్నారు. సిస్టములు వాటంతటవి ఏదీ ఒప్పుకోవు, కాదనవు. ఎవరో ఒకరు కాదనమని రాయిస్తేనే అవి కాదంటాయి. పైగా హాజరుకాని కాన్ఫరెన్సుకి ఖర్చు చెల్లించే పద్ధతి లేదని నా కాంట్రాక్టు కంపెనీ ఆ డబ్బు నాకే వదిలేసింది.

ఇంతకన్నా దూరం నుంచి వచ్చేవాళ్ళ సంగతి మరీ అన్యాయం. 2022లో భారతదేశంలోని అమెరికా కాన్సులేట్లలో విజిటర్ వీసా ఇంటర్వ్యూ కోసం ఏడాదికి పైగా ఎదురుచూడాల్సి వచ్చిందన్న సంగతి ఇక్కడా అక్కడా అందరికీ తెలుసు. హైదరాబాదు ఆఫీసులో పని చేసిన మనిషి, తను చేసిన పని గురించి తనే చెప్పాలని ఉత్సాహపడితే, గది ముందు తీసుకోవాలా, వీసా ముందు రావాలా? వీసా కోసం ఆగితే బ్లాకు గడువు దాటిపోతుంది. గది తీసుకుంటే, వీసా రాకపోయినా మొదటి రాత్రి డబ్బు పోతుంది. భూకంపమొచ్చినా, తుపానొచ్చినా నష్టం లేకుండా తప్పుకోడానికి హోటలూ నిర్వాహకులూ తమ ఒప్పందంలో 'ఫోర్స్ మజ్యూర్' అని ఒక పేరా రాసుకుంటారు. జ్వరమొచ్చినవాడికీ, వీసా రానివాడికీ అలాంటి పేరా ఎవరూ రాయరు.

డబ్బున్నవాడికి ఇదంతా చికాకు. లేనివాడికి ఇది గండం. మా టీములో ఒక కుర్రాడుండేవాడు. గుంటూరు దగ్గర పల్లెటూరు, చదువయ్యి ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు. క్లయింటు కింద ఒక పెద్ద కంపెనీ, దాని కింద ఇంకో మధ్య కంపెనీ, దాని కింద ఇతని వీసా పెట్టిన చిన్న కంపెనీ. ఖర్చుల కాగితం ఈ నిచ్చెన మెట్లన్నీ ఎక్కి, డబ్బు మళ్ళీ అన్ని మెట్లూ దిగి రావడానికి రెండు నెలలు. అతనికి కంపెనీ కార్డు లేదు. ఉన్న సొంత కార్డు పరిమితి 1,500 డాలర్లు. అందులో 300 అప్పటికే ఇంటి సరుకులకి వాడేశాడు. ఆర్లాండోలో రాత్రి పదకొండింటికి హోటలు కౌంటర్ దగ్గర నిలబడితే, నాలుగు రాత్రుల అద్దె, పన్ను కలిపి 1,000 డాలర్లు, ఆపైన చిల్లర ఖర్చులకి పూచీగా రాత్రికి 100 చొప్పున ఇంకో 400 పట్టి ఉంచుతామన్నారు. కార్డు చెల్లలేదు. వెనక వరసలో పాతికమంది చూస్తున్నారు. ఆ కుర్రాడి మొహం నాకిప్పటికీ గుర్తే. వారం ముందే అతను నన్నడిగాడు, "అన్నా, మీ గదిలో రెండు మంచాలుంటాయి కదా, నేనూ అందులోనే సర్దుకుంటా" అని. నాకే అభ్యంతరమూ లేదు. మనిషికొక గది అన్న నియమానికే అభ్యంతరం. ఆ రాత్రి నా కార్డు ఇచ్చాను సరే. ఆ తర్వాత నా పేర రెండు గదులెందుకున్నాయో మూడు ఈమెయిళ్ళలో సంజాయిషీ రాశాను.

ఈ ఖర్చు తప్పించుకునే మార్గం మన తెలుగువాళ్ళ దగ్గర ఎప్పటినుంచో ఉంది. ఏ ఊరెళ్ళినా మనకి ఒక పిన్నో, బావో, ఊరివాళ్ళో ఉంటారు. చికాగోలో మెకార్మిక్ ప్లేస్‌లో ఒక కాన్ఫరెన్సు జరిగినప్పుడు, నేపర్‌విల్‌లో ఉన్న మా పెద్దమ్మ కూతురింట్లో ఉంటానన్నాను. పొద్దున్నే రైలెక్కితే గంటలో ఊళ్ళోకి వచ్చెయ్యొచ్చు. అక్కయ్య పెట్టే పెసరట్టు సంగతి అలా ఉంచినా, కంపెనీకి ఎనిమిది వందల డాలర్లు మిగులుతాయి. "వీల్లేదు, మా వాళ్ళందరూ కాన్ఫరెన్సు హోటల్లోనే ఉండాలి, పది గదులకి మాట ఇచ్చాం" అన్నారు. రైలు ఖర్చు కూడా ఇవ్వమన్నారు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడన్నట్టు, డబ్బు మిగులుస్తానన్నా మిగల్చనివ్వని పొదుపు శాఖ అది.

ఇదే చోట అమెరికా ప్రభుత్వం తన ఉద్యోగుల ప్రయాణాలకి రాసుకున్న నిబంధనలు చూస్తే ముచ్చటేస్తుంది. ప్రత్యేకంగా రేటు నిర్ణయించని ఊళ్ళలో గదికి రాత్రికి ఇంత అని ప్రకటిస్తారు. 2026 ఆర్థిక సంవత్సరానికి అది 110 డాలర్లు. ఖరీదైన ఊళ్ళకి వేరే రేట్లున్నాయి. ఆ రేటు చాలనప్పుడు, తగిన కారణం ఉంటే, దానికి మూడు రెట్ల వరకూ అసలు ఖర్చు ఇచ్చే వీలుంది. చుట్టాలింట్లోనో స్నేహితులింట్లోనో దిగితే హోటలు అద్దె ఇవ్వరు గానీ, మీరు దిగడం వల్ల ఆ ఇంటివాళ్ళకి అదనంగా అయిన ఖర్చుని లెక్క చూపిస్తే, అది సబబైతే ఇస్తారు. అంటే చుట్టాలింట్లో దిగడం అనే పని ఒకటి లోకంలో ఉందని ప్రభుత్వ నిబంధనకే తెలుసు. ప్రభుత్వం అంటే మొద్దు నిబంధనలని వెక్కిరించే ప్రైవేటు కంపెనీలకి తెలీదు.

నిర్వాహకుల వాదన కూడా వినాలి. బ్లాకు లేకపోతే కాన్ఫరెన్సు వారంలో ఆ ఊరి హోటళ్ళన్నీ రేట్లు రెట్టింపు చేస్తాయంటారు. అది నిజమే, నేనూ చూశాను. అధికారిక హోటలు ఏజెంట్లమని నమ్మించి డబ్బు గుంజే దొంగలున్నారంటారు. అదీ నిజమే. అందరూ ఒకేచోట ఉంటే రాత్రి పొద్దుపోయాక ఒంటరిగా తిరగనక్కర్లేదు, ముఖ్యంగా ఆడవాళ్ళకి భద్రత అంటారు. ఒప్పుకుంటాను. ఇవన్నీ బ్లాకు ఉండాలనడానికి కారణాలు. అందులోనే దిగాలి, దిగకపోతే జరిమానా, పేరు మారదు, డబ్బు రాదు అనడానికి వీటిలో ఒక్కటీ కారణం కాదు. మంచి విడిదయితే వద్దన్నా జనం దిగుతారు. బలవంతం పెట్టాల్సి వస్తోందంటే, బయట అంతకన్నా మంచి బేరమేదో ఉన్నట్టే.

ఇంకో వాదన ఉంది: గదులు నిండకపోతే హాళ్ళ అద్దె మీద పడుతుంది, అప్పుడు రిజిస్ట్రేషన్ ఫీజు పెంచాలి. పెంచండి. ఫీజు మరో వంద డాలర్లయితే ఆ అంకె అందరికీ కనిపిస్తుంది, పంపే కంపెనీ కడుతుంది. గది అద్దెలో దాస్తే ఎవరికీ కనిపించదు, మధ్యలో ఏ తేడా వచ్చినా వెళ్ళేవాడి జేబుకి చిల్లు పడుతుంది. దాచిన ధర గురించి ఈ దేశం ఈమధ్యే ఒక మెట్టెక్కింది. మొదట తక్కువ అద్దె చూపించి, చివర్లో 'రిసార్ట్ ఫీజు' అని తగిలించే అలవాటు హోటళ్ళకి ఏళ్ళ తరబడి ఉండేది. 2025 మే 12 నుంచి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ నిబంధన ప్రకారం తప్పనిసరి రుసుములన్నీ కలిపిన ధరే ముందు చూపించాలి. ఫీజులు పోలేదు, ముసుగు పోయింది. కాన్ఫరెన్సు గదుల విషయంలోనూ నేనడిగేది అదే.

రద్దు విషయంలోనూ దారులున్నాయి. ప్రయాణానికి ఏడు రోజులో అంతకన్నా ముందో విమానం టికెట్టు కొంటే, 24 గంటల్లో రద్దు చేసుకుని డబ్బు వెనక్కి తీసుకునే వీలో, డబ్బు కట్టకుండా 24 గంటలు ఆ ధరకి అట్టిపెట్టుకునే వీలో విమాన సంస్థలు ఇవ్వాలి. ఇది ఫెడరల్ నిబంధన. కాలిఫోర్నియాలో 2024 జూలై 1 నుంచి హోటళ్ళకీ ఇలాంటి చట్టం ఉంది: దిగడానికి 72 గంటలో అంతకన్నా ముందో గది తీసుకుంటే, 24 గంటల లోపు జరిమానా లేకుండా రద్దు చేసుకోవచ్చు. ఈ చట్టం వల్ల కాలిఫోర్నియాలో ఏ హోటలూ మూతపడ్డట్టు నేను వినలేదు.

కాబట్టి నా కోరికలు గొంతెమ్మ కోరికలేం కావు. ఒకటి, ఈ హోటల్లోనే దిగాలని శాసించే కంపెనీ ఆ డబ్బు తనే నేరుగా హోటలుకి ముందుగా కట్టాలి. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్ళకీ కట్టాలి. రెండు, పేరు మార్పు ఉచితంగా జరగాలి. మూడు, చుట్టాలింట్లో దిగేవాడికీ, గది పంచుకునేవాళ్ళకీ జరిమానా ఉండకూడదు. నాలుగు, గదులు నిండితే తమకేం ఒరుగుతుందో నిర్వాహకులు రిజిస్ట్రేషన్ కాగితం మీదే రాయాలి.

ఈ నాలుగోది అమెరికన్ కాన్ఫరెన్సుల్లో సాధించడానికి మన చేతిలో బలం తక్కువ. మన చేతిలో ఉన్నవి మన తెలుగు మహాసభలు. వాటికీ హోటల్ బ్లాకులుంటాయి, వాటికీ హోటలుతో హామీలుంటాయి. విరాళం స్థాయిని బట్టి గదులు కేటాయించడం అక్కడా మామూలే. స్వదేశం నుంచి వచ్చే కవిగారు, కొత్తగా ఉద్యోగంలో చేరి పిల్లల్నేసుకుని వచ్చే జంట, మనవడి డాన్సు చూడడానికి వచ్చే తాతగారు వీళ్ళంతా ఏ రేటుకి, ఏ షరతుల మీద దిగుతున్నారో కార్యవర్గాలు ఎప్పుడైనా పేరుపేరునా చెప్పాయా? పరాయివాడి నియమాల్ని తిట్టుకుంటూ, అవే నియమాల్ని మనవాళ్ళ మీద రుద్దితే మనం ఇక్కడ నేర్చుకున్నదేమిటి? ఒకప్పుడు సత్రాలు కట్టించి బాటసారులకి అన్నం పెట్టినవాళ్ళ ఊళ్ళనుంచి వచ్చామని వేదికలెక్కి చెప్పుకునేవాళ్ళం కదా.

వచ్చే మహాసభలకి రిజిస్ట్రేషన్ కాగితం మీ చేతికి రాగానే మూడు ప్రశ్నలు అడగండి. హోటలుకి ఎన్ని గదుల హామీ ఇచ్చారు? బదులుగా ఎన్ని ఉచిత గదులు, ఎంత తగ్గింపు వచ్చింది? ఆ ఉచిత గదులు ఎవరికిచ్చారు? మూడింటికీ జవాబు రాసి ఇస్తే సంతోషంగా చెక్కు రాయండి. జవాబు రాకపోతే, ఆ ఊళ్ళో మీ పిన్నిగారి ఫోన్ నంబరు మీ దగ్గరుండే ఉంటుంది.